వీధిబడిలోని తరగతి



చదువుకొన్న ప్రతివాని మనస్సులోను ఏదో యొక తరగతి చెరగక నిలిచియుండును. ఒకరికి లెక్కల తరగతి, ఒకరికి పద్యము చెప్పిన తెలుగు పండితుని తరగతి, మరియొకరికి కళాశాలలో విన్న యొక యుపన్యాసము. నేను చరిత్రను బోధించుట వృత్తిగా గలవాడను గావున, నా మనస్సున నాటుకొనిన తరగతి కూడ చరిత్రలోనిదే. అది ఏ యొక్కరి జ్ఞాపకమునకో చెందినది కాదు. రెండువందల యేండ్ల క్రిందట మన గ్రామములలో, ఒక యింటి యరుగుమీదనో, దేవళపు మండపములోనో, చెట్టు నీడనో ఇసుక పరచుకొని కూర్చున్న పదిపండ్రెండుమంది పిల్లల తరగతి యది. దానినే మనవారు వీధిబడి యనిరి. ఆ తరగతి సముద్రములు దాటి యింగ్లండు చేరినది. అచ్చట వేలకొలది పాఠశాలలకు మాదిరియైనది. పుట్టినచోట మాత్రము పోషణ లేక కృశించినది. ఆ కథను సంగ్రహముగా మనవిచేసెదను.

ఈ కథ మనకు తెలియుటకు కారణము ఒక యధికారి యడిగిన ప్రశ్న. సర్ తామస్ మన్రో 1820లో చెన్నపట్టణమునకు గవర్నరయ్యెను. దత్తమండలములలో కలెక్టరుగా ఏడేండ్లు పనిచేసి, రైతుల భాషను, రైతుల కష్టమును ఎరిగినవాడగుటచే ఆయన పేరు మన రాయలసీమలో నేటికిని వినబడుచున్నది. ఈ దేశములో చదువు ఏ స్థితిలోనున్నదో తెలియకయే మనము దానిని బాగుచేయుదుమనుట యెట్లని తలచి, 1822 జూన్ 25వ తేదీని ఆయన ప్రతి జిల్లా కలెక్టరును బడులెన్ని, పిల్లలెందరు, ఏమి చదువుచున్నారు, ఎంత రుసుము చెల్లించుచున్నారు అని లెక్క పంపుమని యాజ్ఞాపించెను. పెక్కుమంది అంకెలు పంపి యూరకుండిరి. బళ్లారి కలెక్టరు మాత్రము అంకెలతో తృప్తిపడక, బడిలోనికి తొంగిచూచినవానివలె వ్రాసెను. ఆయన పేరు అలెగ్జాండర్ డంకన్ క్యాంబెల్. తెలుగువారికి ఈయన క్రొత్తవాడు కాడు. 1816లో తెలుగు భాషకు ఇంగ్లీషున వ్యాకరణము రచించినది ఈయనయే. తెలుగు సంస్కృతమునుండి పుట్టినది కాదు, దక్షిణదేశ భాషల కుటుంబమునకు చెందినదని ఎల్లిస్ దొర నిరూపించిన ప్రసిద్ధమైన పీఠిక ఆ వ్యాకరణముననే అచ్చయినది. అట్టి భాషాభిమాని కలెక్టరయి, 1823 ఆగస్టు 17వ తేదీని పంపిన నివేదికనుబట్టియే మనము ఆనాటి తరగతిలో నేడు కూర్చుండగలుగుచున్నాము.

నాటి బళ్లారి జిల్లా నేటి బళ్లారి కాదు. అనంతపురము ప్రాంతమును, ఆదవాని, ఆలూరు, రాయదుర్గములును అందులోనివే. తొమ్మిదిలక్షల యిరువదియేడువేల జనము గల యా జిల్లాలో 533 బడులు, 6,641 మంది పిల్లలు. అనగా బడి కొక్కింటికి సుమారు పండ్రెండుగురు. ఆ బడులలో 235 కన్నడము, 226 తెలుగు నేర్పునవి. తక్కినవానిలో మరాఠీ 23, పారసీ 21, అరవము 4. సంస్కృతశాస్త్రముల కొరకు బ్రాహ్మణులకే ప్రత్యేకించినవి 23. ఇంగ్లీషు నేర్పునది ఒకే యొకటి.

బాలునకు అయిదేండ్లు రాగానే అక్షరాభ్యాసము. ఉపాధ్యాయుని, బడిపిల్లల నందరిని ఇంటికి పిలిచెదరు. వినాయకుని ప్రతిమ చుట్టును అందరును కూర్చుందురు. క్రొత్త పిల్లవానిని దేవునికెదురుగా కూర్చుండబెట్టి, అయ్యవారు వాని వ్రేలు పట్టి బియ్యములో దేవుని పేరు వ్రాయించును. తల్లిదండ్రులు శక్తికొలది కానుక సమర్పింతురు. ఇందులో గమనింపదగిన సంగతి యొకటి కలదు. పిల్లవాడు బడికి పోవుటకు ముందే బడి పిల్లవాని యింటికి వచ్చుచున్నది. రేపు తనకు అక్షరము దిద్దించెడి పెద్దపిల్లలను వాడు నేడే తన లోగిలిలో చూచుచున్నాడు. భయము సగము అచ్చటనే తీరును.

మరునాడు ఉదయము ఆరుగంటలకు బడి. అందరికంటె ముందు వచ్చినవాని యరచేతిలో సరస్వతి పేరు వ్రాయుదురు, అది గౌరవము. రెండవవాని చేతిలో సున్న. అనగా వానికి పొగడ్తయు లేదు, తెగడ్తయు లేదు. మూడవవానికి మెల్లగా ఒక దెబ్బ. నాలుగవవానికి రెండు. ఆ పిమ్మట వచ్చినకొలది దెబ్బ యొక్కొక్కటి పెరుగును. మన పెద్దలు కొందరు దీనినే శ్రీ, చుక్క అని చెప్పుకొనుట నేను వినియున్నాను. శిక్షలు మృదువైనవని చెప్పజాలము. సోమరిని రెండుచేతులు కట్టి యింటికప్పునకు వ్రేలాడదీయుట కలదు. దానిని మనవారు కోదండమనిరి. గుంజిళ్లు తీయించుట కలదు. క్యాంబెల్ దొర ఈ గుంజిళ్లను గూర్చి వ్రాయుచు, ఇది మిక్కిలి బాధాకరమేగాని, బహుశః ఆరోగ్యకరమే కావచ్చునని చమత్కరించెను. కోదండమెక్కిన పిల్లవానికి ఆ చమత్కారము తోచియుండదు.

ఇక చదువు. ఐరోపాలో పిల్లవాడు అక్షరమును మొదట నోట పలికి, తరువాత చేత వ్రాయును. వీధిబడిలో అట్లు గాదు. చేతితో నేర్చుటయే మొదలు. నేలమీద ఇసుక పరచి, వ్రేలితో అక్షరము వ్రాసి దిద్దుచు నేర్చును. ఇసుకకు వెల లేదు. తప్పు పోయినచో అరచేతితో చెరిపివేసిన సరిపోవును. ఇసుకలో చేయి తిరిగినవానికి పలకమీద వ్రాయు నర్హత కలుగును. ఆ పలక మూడడుగుల పొడవు, అడుగు వెడల్పు గల చెక్క. దానికి అన్నము, బొగ్గుపొడి కలిపి పూసినచో చాలును. మరియొకటి కడితము, గుడ్డకు గంజి పట్టించి, పుస్తకమువలె మడతలు పెట్టి, బొగ్గును జిగురులను పూసినది. రెంటిమీదను బలపముతో వ్రాసి, తడిగుడ్డతో తుడిచివేయవచ్చును. తాటాకు, గంటము, కాగితము, రెల్లుకలము అటుతరువాతివి. ఊరిలో దొరకని వస్తువు ఒక్కటియు ఈ పట్టికలో లేదని గమనింపుడు.

అక్షరములు, గుణింతములు, ఒత్తులు వచ్చిన తరువాత మనుష్యుల పేర్లు, ఊళ్ల పేర్లు, జంతువుల పేర్లు వ్రాయించెదరు. పిమ్మట లెక్కలు. కూడిక, తీసివేత మొదలు డబ్బు లెక్కలు, కొలతలు. అన్నిటికంటె ఎక్కువ శ్రమ భిన్నముల మీద. మన భిన్నములు పదింట భాగించుకొని పోవునవి కావు. నాలుగింట భాగించుకొని పోవునవి. ఒకటిలో నాలుగవపాలు కాలు. కాలులో నాలుగవపాలు వీసము. ఆ క్రింద నింకను కలవు. ఈ భిన్నములును, ఎక్కములును నోటికి వచ్చుటకై దినమునకు రెండుమారులు పిల్లలందరు వరుసలు తీరి నిలువబడి, ఒక పెద్దవిద్యార్థి చెప్పుచుండగా అందరు నొక్కగొంతుకతో వల్లెవేయుదురు. వీసమెత్తు సందేహము లేదని మనము నేటికిని అనుచున్నామన్నచో, ఆ వల్లెవేతలోని వీసము మన నాలుకనుండి యింకను దిగిపోలేదన్నమాట.

నాకు ఈ నివేదికలో మిక్కిలి ప్రీతికరమైన వాక్యము వేరొకటి. అయ్యవారు ఊరిలో నానావిధములైన కాగితములను, జాబులను సంపాదించి తెచ్చి, వివిధ దస్తూరులను చదువుట పిల్లలకు నేర్పునట. జాబులు వ్రాయుట, ఒడంబడిక పత్రములు వ్రాయుట కూడ నేర్పునట. దీని ప్రయోజనమేమో మనకు సులభముగా బోధపడును. కరణము వ్రాసిన లెక్క, సాహుకారు వ్రాసిన పత్రము, సర్కారునుండి వచ్చిన తాఖీదు, ఈ మూడింటిని తానే చదువుకొనగల రైతుబిడ్డ ఒకడున్నచో ఆ యింటికి ఎంత ధైర్యము! ముద్రితాక్షరము పల్లెకు చేరని కాలమున చదువు అనగా ఇతరుల చేవ్రాతను చదువగలుగుటయే. వీధిబడి ఆ సంగతి ఎరిగినది.

పుస్తకములు రామాయణ భారత భాగవతములు. అన్ని కులముల పిల్లలును ఇవే చదువుదురు. ఇవిగాక చేతిపనులవారి పిల్లలకు విశ్వకర్మపురాణము వంటివి, లింగధారుల పిల్లలకు బసవపురాణ సంప్రదాయమునకు చెందినవి ఉండెడివి. వినోదమునకు పంచతంత్రము, భేతాళ పంచవింశతి. పై తరగతులకు అమరము, ఆంధ్రనామసంగ్రహము మొదలైన నిఘంటువులు.

ఇక ఈ తరగతి గొప్పతనమంతయు దాని యేర్పాటులో నున్నది. బడిలో సాధారణముగా నాలుగు తరగతులు. పిల్లవాడు ఒకదానినుండి వేరొకదానికి పోవుట వాని సామర్థ్యమునుబట్టియేగాని వయస్సునుబట్టి కాదు. అయ్యవారు ఒక్కడే. పై తరగతులను తాను స్వయముగా చూచుకొనుచు, క్రింది తరగతులను పెద్దవిద్యార్థులకు అప్పగించి, బడినంతటిని ఒక కంట కనిపెట్టియుండును. చిన్నవానికి అక్షరము దిద్దించు పెద్దవాడు తన చదువును తానే గట్టిపరచుకొనుచున్నాడు. ఈ పద్ధతి మెచ్చదగినదనియు, ఇంగ్లండులో దీనిని అనుకరించుట తగినపనియే యనియు క్యాంబెల్ స్పష్టముగా వ్రాసెను.

ఇంగ్లండులో అనుకరించుట యేమి? ఆ కథ చెన్నపట్టణపు ఎగ్మూరులో మొదలైనది. 1789లో ఆండ్రూ బెల్ అను స్కాట్లండు దేశపు మతగురువు అచ్చటి సైనికుల పిల్లల అనాథశరణాలయమునకు పర్యవేక్షకుడయ్యెను. ఉపాధ్యాయులు కొద్దిమంది; ఉన్నవారికి ఉత్సాహము లేదు. ఒకనాడు ఆయన గుర్రముమీద పోవుచు, ఒక దేశీయపాఠశాలలో పిల్లలు ఇసుకలో వ్రేలితో వ్రాయుట చూచెను. దానిని ఆయన మలబారు బడి యనెను. ఆనాటి దొరలు మలబారు అని వ్యవహరించినది అరవవారినే. కావున అది మన తెలుగు బడి యని నేను చెప్పుకొనను. కాని పద్ధతి యంతట నొక్కటియే. బెల్ తిరిగివచ్చి తన ఉపాధ్యాయుని అట్లే నేర్పుమనగా ఆతడు అది కాని పని యనెను. అంతట బెల్ జాన్ ఫ్రిస్కెన్ అను ఎనిమిదేండ్ల బాలుని పిలిచి, అక్షరముల తరగతిని వానికి అప్పగించెను. పెద్ద ఉపాధ్యాయుడు కాదన్న పనిని ఆ బాలుడు సాధించెను. క్రమముగా ఇతర తరగతులును బాలుర చేతికే వచ్చినవి.

బెల్ 1796లో స్వదేశమునకు పోయి, మరుసటి యేట తన ప్రయోగమును గ్రంథముగా ప్రకటించెను. దానికి మద్రాసు పద్ధతి యని పేరు వచ్చినది. ఇంచుమించు అదే కాలమున లండనులో జోసెఫ్ లాంకాస్టరు అను నాతడును ఇట్టి బడిని స్థాపించెను. ఆతని బడిలోను చిన్నపిల్లలు ఇసుకలోనే వ్రాసిరి. పద్ధతిని కనిపెట్టిన ఘనత ఎవరిదని ఆ యిరువురి పక్షములవారు ఏండ్ల తరబడి తగవులాడిరి. 1811లో ఆంగ్ల మతసంస్థవారు బెల్ పద్ధతిని వ్యాపింపజేయుటకు జాతీయసంఘము నేర్పరచిరి. 1832లో బెల్ మరణించునాటికి ఆ పద్ధతి ననుసరించు బడులు పండ్రెండువేలకు పైబడినవి. ఆయన దేహమును వెస్ట్‌మినిస్టరు దేవాలయములో సమాధి చేసిరి. ఆయన ద్రవ్యముతో స్కాట్లండులోని సెంట్ ఆండ్రూస్ పట్టణమున స్థాపింపబడిన పాఠశాలకు మద్రాసు కళాశాల యనియే నేటికిని పేరు. ఇసుకలో కూర్చుండి అక్షరము దిద్దించిన మన అయ్యవారి పేరు మాత్రము ఎచ్చటను లేదు.

అయితే అనుకరణలో ఒక మార్పు వచ్చినది. మన బడిలో పండ్రెండుగురు పిల్లలు. వారిలో ప్రతివాని ముఖము అయ్యవారెరుగును. ఇంగ్లండులో యంత్రశాలలు పెరుగుచున్న కాలమది. బీదల పిల్లలు వేలకొలది పట్టణములలో కిక్కిరిసియుండిరి. ఒక్క ఉపాధ్యాయుడు వేయిమందికి చదువు చెప్పగలడని లాంకాస్టరు చాటెను. కుటుంబమువంటి బడి అచ్చట కర్మాగారమువంటి బడిగా మారినది. చదువు చౌకయైనది; వ్యాపించినది; పైపై చదువైనదను నిందయు మోసినది. కాలక్రమమున, 1846 మొదలు, పెద్దపిల్లలను జీతమిచ్చి ఉపాధ్యాయులుగా తయారుచేయు వేరొక పద్ధతి అచ్చట బయలుదేరినది.

ఇంతవరకు విని, మన వీధిబడి నిర్దుష్టమైనదని భావింపవలదు. క్యాంబెల్ దాని లోపములను దాచలేదు. పుస్తకములన్నియు పద్యములు, వాని భాష వ్యవహారభాషకు దూరము. కావున పిల్లవాడు వందలకొలది పద్యములు అప్పజెప్పునుగాని, అర్థము చిలుకకెంత తెలియునో వానికి నంతే తెలియును. అర్థము చెప్పుటకు పెక్కుచోట్ల అయ్యవారికే శక్తి లేదు. మరియొక లోపము అంకెలలోనే కనబడుచున్నది. 6,641 మందిలో బాలికలు కేవలము 60 మంది. బాలురలో బ్రాహ్మణులు 1,185, వైశ్యులు 981, శూద్రులు 2,998, ఇతర కులములవారు 1,174, మహమ్మదీయులు 243. బడి ఒక్క కులమునకే పరిమితము కాలేదనుట నిజము. కాని ఊరి వెలుపలి వాడలకు దాని నీడ సోకలేదనుటయు నిజమే. సగము జనమైన స్త్రీలకు దాని తలుపు ఇంచుమించు మూసియే యుండెను.

అన్నిటికంటె పెద్ద లోపము బడిలోనిది కాదు, దేశములోనిది. ఇసుకలో వ్రాయువానికి నెలకు పావురూపాయి, కాగితముమీద వ్రాయుటకో పెద్దలెక్కలకో వచ్చినవానికి అరరూపాయి రుసుము. ఆ పావురూపాయియు ఇచ్చుకొనలేక తల్లిదండ్రులు పిల్లలను మాన్పించుచుండిరి. ఎందులకు? క్యాంబెల్ తన ప్రభుత్వమునకే నిర్భయముగా వ్రాసెను. సీమనూలుబట్టలు వచ్చి మన నేతగాండ్ర బ్రతుకు చెడినది. సేనలు దూరపు సరిహద్దులకు తరలిపోవుటచే ధాన్యమునకు గిరాకి తగ్గినది. పూర్వము దేశీయప్రభువులు, వారి యుద్యోగులు ఇక్కడనే వ్యయపరచిన ధనము ఇప్పుడు దేశము దాటిపోవుచున్నది. మునుపు బడులున్న పెక్కు గ్రామములలో నేడు బడి లేదు. ఉన్న 533 బడులలో ఒక్కదానికిని సర్కారు సాయము లేదని చెప్పుటకు సిగ్గగుచున్నదని ఆ కలెక్టరు వ్రాసెను. ఒక యధికారి తన యేలినవారికి పంపు కాగితములో సిగ్గు అను మాట వాడుట చరిత్రలో తరచుగా కనబడదు.

జిల్లాల లెక్కలన్నియు చేరిన పిమ్మట, 1826 మార్చి 10వ తేదీని మన్రో తన యభిప్రాయమును వ్రాసెను. రాజధాని మొత్తములో 12,498 బడులు, 1,88,650 మంది పిల్లలు. అనగా వేయిమంది జనమునకు ఒక బడి. ఇంటివద్ద చదువుకొనువారిని కూడ చేర్చినచో మగపిల్లలలో మూడవవంతునకు దగ్గరగా చదువు కలదని ఆయన యంచనా. ఇది తక్కువయే యైనను, కొంతకాలము క్రిందట ఐరోపాలోని పెక్కుదేశములలో ఉన్నదానికంటె మేలే యని ఆయన యొప్పుకొనెను. ఉపాధ్యాయునకు నెలకు ఆరేడు రూపాయలకంటె రాదు. ఆ రాబడికి యోగ్యులు రారు. కావున ప్రతి జిల్లాకు రెండు ప్రధానపాఠశాలలు, ప్రతి తాలూకాకు ఒక పాఠశాల నెలకొల్పి, జిల్లాలో 15 రూపాయలు, తాలూకాలో 9 రూపాయలు సర్కారే జీతమియ్యవలెననియు, ఉపాధ్యాయులను తయారుచేయవలెననియు సూచించెను. మరుసటి యేట, 1827 జూలై 6వ తేదీని, కర్నూలు జిల్లా పత్తికొండలో కలరా తగిలి ఆయన మరణించెను. ఆయన కోరిన పాఠశాలలు కొన్ని వెలసినవిగాని, 1830 దశకములోనే ఎత్తివేయబడినవి. 1835లో ప్రభుత్వము విద్యాద్రవ్యమును ఇంగ్లీషు చదువువైపునకు త్రిప్పినది. అటుతరువాత వీధిబడులలో కొన్ని గ్రాంటుబడులై రూపు మార్చుకొన్నవి. తక్కినవి ఒక్కొక్కటిగా మూతపడినవి.

ఆ కాగితములు నూరేండ్లు దస్తరములలో నిద్రించినవి. 1931 అక్టోబరు 20వ తేదీని లండనులో గాంధీజీ మాటలాడుచు, దేశీయవిద్య యను చెట్టును మీరు వేరు త్రవ్వి చూచి అట్లే విడిచితిరి, అది యెండిపోయినది అను భావము వెల్లడించెను. సర్ ఫిలిప్ హార్టాగ్ దానికి ఋజువు చూపుమని వాదమునకు దిగి, 1939లో తన పక్షమును గ్రంథముగా ప్రకటించెను. 1983లో ధర్మపాల్ మన్రోనాటి లెక్కలన్నిటిని ఒక్కచో చేర్చి అచ్చువేయుటచే, ఏ పక్షమువారైనను మూలమునే చూచుకొను వీలు కలిగినది. నేను క్యాంబెల్ నివేదికను విద్యార్థులకు చదివి వినిపించినప్పుడు ఇరువిధముల ప్రశ్నలు వచ్చుచుండును. మన పూర్వులు ఇంత గొప్పవారా యని కొందరు. అరువదిమంది బాలికలేనా యని కొందరు. ఈ రెండు ప్రశ్నలును ఒక్క కాగితమునుండియే పుట్టుచున్నవి. ఒకదానిని విని రెండవదానికి చెవులు మూసికొనువాడు చరిత్ర చదివినవాడు కాడు.

నేడు మన పాఠశాలలలో మానిటరను పేరు గల పిల్లవాడు ఒకడుండును. ఉపాధ్యాయుడు లేనప్పుడు అల్లరిచేయువారి పేర్లు బల్లమీద వ్రాయుట వాని పని. ఆ పేరు ఇంగ్లండునుండి మనకు వచ్చినదని అందరెరుగుదురు. కాని ఆ పదవి మన యిసుకబడిలో నుండెననియు, ఆనాడు వాని పని ప్రక్కవానికి అక్షరము దిద్దించుటయేగాని వాని పేరెక్కించుట కాదనియు ఎరిగినవారు కొద్దిమంది. పేరు తిరిగివచ్చినది, పని తిరిగిరాలేదు. ఏ తరగతిలోనైనను ఒక లెక్క తెలిసిన పిల్లవాని ప్రక్కన అది తెలియని పిల్లవాడు కూర్చుండియే యుండును. వారిద్దరి నడుమ నున్నది జానెడు దూరము. దానిని దాటింపుమని పెద్దవానితో చెప్పుటకు సొమ్ము అక్కరలేదు, శాసనమక్కరలేదు. ఉపాధ్యాయునకు ఆ పిల్లలిద్దరిమీదను నమ్మకమున్న చాలును.